పోలిక ఊరి రోజలియా

బుదోలాలో ఎవరైనా కన్నుమూస్తే మొదటి కబురు పాదిరీకి వెళ్లదు, రోజలియా నసూబో ఇంటికి వెళుతుంది. పాదిరీ మాట్లాడేది దేవుడితో. ఆ మాటలు కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. పాతిపెట్టే శనివారం నాడు టెంటు కింద కూర్చునే వందలాది మందిని ఒక దారిలో నడిపించాలంటే మాత్రం రోజలియా చేతిలో మైకు ఉండాల్సిందే. ఎవరు ముందు ఏడవాలి, ఎవరు తర్వాత పొగడాలి, తాగొచ్చిన ఏ అల్లుడు నోరు మూసుకుని కూర్చోవాలి, అన్నీ ఆమే చూసుకుంటుంది. మా వైపు పెళ్లికి రానివాణ్ణి క్షమిస్తారు. చావుకి రానివాణ్ణి మాత్రం వాడి చావుదాకా గుర్తుపెట్టుకుంటారు.

రోజలియాకి యాభై దాటాయి. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. మిగతా రోజుల్లో ఉగాండా లారీలు వెళ్లే రోడ్డు పక్కన ఎండు ఒమెనా చేపలు అమ్ముతుంది. పిడికెడు చేపల బేరమైనా సరే, మైకు పట్టుకున్నట్టే మాట్లాడుతుంది. మొగుడు బతికున్న రోజుల్లో, పాపం, ఇంట్లో తనకి వంతు రాక సంతకెళ్లి మాట్లాడుకుని వచ్చేవాడు. ఆమె బలహీనత ఒక్కటే. ఎవరైనా ‘మీరు చాలా ముఖ్యులు’ అంటే చాలు, ఎందుకో అడగకుండా తల ఊపేస్తుంది. ఈ గొడవంతా అలా ఊపిన తలతోనే మొదలైంది.

మా జిల్లాకి వానలు ఏడాదికి రెండుసార్లు వస్తాయి, పరిశోధకులు మాత్రం ఏడాది పొడుగునా వస్తూనే ఉంటారు. బీదవాళ్లకి ఏం ఇస్తే బాగుపడతారో తేల్చుకోవాలనిపించిన ప్రతి పెద్దమనిషీ విమానం దిగి తిన్నగా మా దగ్గరికే వస్తాడు. సగం ఊళ్లకి దోమతెరలిచ్చి, మిగతా సగానికి ఇవ్వకుండా ఉంచి, జ్వరాలు ఎక్కడెక్కువో చూస్తాడు. సగం బళ్లలో పిల్లలకి నులిపురుగుల మందు పోసి, మిగతా బళ్లలో పురుగుల్ని హాయిగా బతకనిస్తాడు. ప్రశ్నలడగడానికి వచ్చే కుర్రాళ్లు చాలా మర్యాదస్తులు. "ఇష్టమైతేనే చెప్పండమ్మా" అని మొదలుపెట్టి, "మీ సమయం తీసుకున్నాం" అంటూ ఒక బట్టల సబ్బు చేతిలో పెట్టి వెళతారు. బుదోలాలో కొట్టుకెళ్లి సబ్బు కొనుక్కునే అవసరం చాలామందికి రాలేదు. మేం కూడా మర్యాదస్తులమే కాబట్టి, వచ్చిన అతిథి మొహం చిన్నబోకుండా ఉండే జవాబేదో కనిపెట్టి అదే చెప్పి పంపుతాం.

ఆ ఏడు వచ్చిన దొరసాని పొడుగాటి మనిషి. ఉప్పు అందించినా రెండుసార్లు థాంక్స్ చెప్పే రకం. ఆమె వెంట ఎలియాకిమ్ అని మా పక్క ఊరి కుర్రాడే ఉన్నాడు. కాలేజీ చదువు పూర్తిచేసి, జవాబులు నొక్కుకునే టాబ్లెట్ చేతపట్టుకుని, చెమట కారుతున్నా పై గుండీ తీయకుండా తిరిగేవాడు. దొరసాని మాటని మా భాషలో చెప్పేది అతనే. చీఫ్ గారి ఆఫీసు ముందు ఊళ్లన్నిటినీ పిలిచి సంగతి చెప్పారు. నాయకుణ్ణి జనం ఎదురుగా కూర్చోబెట్టి నిలదీస్తే పనులు జరుగుతాయా, జరగవా? అది తేలాలి. కొన్ని ఊళ్లకి వార్డు సభ్యుడు నెలనెలా వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, అడిగినదానికి జవాబు చెప్తాడు. మిగతా ఊళ్లకి రాడు. రెండేళ్ల తర్వాత ఎక్కడ పనులెక్కువ జరిగాయో పోల్చి చూస్తారు. ఏ ఊరు ఎందులోకో చీటీలు తేలుస్తాయి.

చీటీలు వెయ్యడానికి సరైన పాత్ర లేక ఎవరింటినుంచో బీరు కుండ తెచ్చారు. పొరుగూరు నకోలి వాళ్ల వంతు ముందొచ్చింది. వాళ్ల చీటీలో ‘సమావేశం ఊరు’ అని ఉంది. వాళ్ల మొహాలు వాడిపోయాయి. మళ్లీ సమావేశాలా అని ఒక ముసలావిడ పైకే అనేసింది. బుదోలా తరఫున చెయ్యి పెట్టింది రోజలియా. ఆమె చెయ్యి మంచిదని ఊళ్లో నమ్మకం, ఆ నమ్మకం పుట్టించింది కూడా ఆమే.

ఎలియాకిమ్ చీటీ విప్పి చదివాడు. "బుదోలా పోలిక ఊరు."

"పోలిక ఊరంటే?" అని అడిగింది రోజలియా.

"మీతోనే అందర్నీ పోలుస్తారమ్మా. మీరు లేకపోతే ఈ పరిశోధనే లేదు. మీరు చాలా ముఖ్యులు."

అంతే. రోజలియా తల ఊపింది, నాలుక ఆడిస్తూ కూత పెట్టింది, చీఫ్ గారి ఆఫీసు ముందు నడుం తిప్పి నాలుగు చిందులేసింది. బుదోలా ఆడవాళ్లంతా ఆమెతో గొంతు కలిపారు. నకోలి వాళ్లు ఏడుపు మొహాలతో చూస్తూ నిలబడ్డారు. తమకేమీ ఇవ్వబోవడం లేదని తేలిన రోజున చిందులేసిన ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలీదు.

బుదోలాకి ఒక వాగు ఉంది. ఆసుపత్రీ, సంతా, రోడ్డూ అన్నీ వాగుకి అవతలే. యూకలిప్టస్ దుంగలు రెండు అడ్డంగా పడేసి అదే వంతెన అనుకుంటూ బతికారు. క్రితం ఏడు ఏప్రిల్ పెద్దవానల్లో రోజలియా కోడలు స్కొలాస్టికాకి నొప్పులొచ్చాయి. ఒడ్డుకి తీసుకెళ్లేసరికి దుంగలు లేవు. నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే కూర్చున్నారు. బిడ్డ అక్కడే పుట్టింది, అక్కడే పోయింది. ఆ తర్వాత చాలాకాలం రోజలియా ఏ చావులోనూ మైకు ముట్టుకోలేదు. ఇప్పుడు స్కొలాస్టికాకి మళ్లీ నెల తప్పింది. లెక్క వేసుకుంటే ఈసారి కూడా పెద్దవానల్లోనే.

అందుకని రోజలియా ఊరి ఆడవాళ్లని వెంటబెట్టుకుని వార్డు సభ్యుడు సిలాస్ ఒగుతూ ఆఫీసుకి వెళ్లింది. గోడమీద ఆయన ఫొటో ఉంది, ఆయనకన్నా సన్నగా. అందరూ ఆయన్ని ‘గౌరవనీయులు’ అంటారు. ఆయన ఇంట్లో ఏమంటారో తెలీదు.

"అమ్మా, మీ ఊరికి నేను రాకూడదు" అన్నాడు ఒగుతూ, నిజంగానే బాధపడుతున్నట్టు. "మీది పోలిక ఊరు."

"పోలిక ఊరైతే వాగు మీద వంతెన ఉండకూడదా?"

"ఉండొచ్చు. కానీ నేనొచ్చి మీ మాట విని వేశాననుకోండి, శాస్త్రం పాడైపోదూ? అవతల నకోలి వాళ్లు నెలనెలా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి చీల్చి చెండాడుతున్నారు. చెండాడితే పని అవుతుందో లేదో తెలియాలంటే, చెండాడని ఊరు ఒకటుండాలి కదమ్మా. అది మీరు."

"మేమూ చెండాడతాం బాబూ. మాకూ చేతనవును."

"చేతనవుననే కదా నా భయం" అన్నాడు ఒగుతూ. "ప్రపంచమంతా మీ ఊరివంక చూస్తోంది. కాస్త ఓపిక పట్టండి."

అంతకుముందు రాకపోవడానికి ఆయనకి కారు టైరో, కడుపునొప్పో కావలసి వచ్చేది. ఇప్పుడు ఏకంగా శాస్త్రం దొరికింది. రోజలియా తిరిగొస్తూ దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇది చూసి వెంట ఉన్న ఆడవాళ్లు హడలిపోయారు.

తిన్నగా ఒద్వోరి మాస్టారి ఇంటికి వెళ్లింది. ఆయన బడి హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. కాళ్లు వాచి, ఇంటిముందు కుర్చీలోనే పగలంతా గడిచేది. ఆ వార్డులో నడివయసు దాటిన సగం మంది ఆయన బెత్తం రుచి చూసినవాళ్లే. రోజలియా చూసింది. ఒగుతూ అయితే మరీ ఎక్కువ చూశాడు.

"ఏమే రోజలియా, చీటీ తీసి చిందులేశావట?" అన్నాడు మాస్టారు.

"వెయ్యక ముందే చెప్పుంటే బాగుండేది కదా మాస్టారూ."

"నన్నెవరు పిలిచారు? నన్ను పోల్చడానికి ఇంకో ముసలాడు దొరకలేదేమో." సంగతంతా విని కాసేపు వాచిన కాళ్లవంక చూసుకున్నాడు. "నేను పోతే ఒగుతూ వస్తాడా?"

"రాక చస్తాడా? మీ చావుకి రానివాడికి ఇక్కడ ఓటెవరేస్తారు?"

"అయితే నా చావు మీకిచ్చేస్తున్నా. వృథా చెయ్యకండి. పాటలు పాడి, భోజనాలు పెట్టి వాణ్ణి ఊరికే పంపేశారో, పెట్టె మూత తీసుకుని లేచొస్తా."

"అవేం మాటలు మాస్టారూ!"

"వానలకి ముందే పోతాలే పిల్లా. కంగారు పడకు."

ఆమె అక్కడ పగలబడి నవ్వింది. ఇంటికెళ్లి ఏడ్చింది.

ఆ మాట ఊళ్లో పొక్కకుండా ఉంటుందా? మర్నాటినుంచి జనం మాస్టారి ఆరోగ్యం గురించి పట్టించుకోవడం మొదలెట్టారు. అటు వెళ్లే ప్రతివాళ్లూ ఆగి "ఎలా ఉన్నారు మాస్టారూ?" అనేవాళ్లు. "ఏమీ అనుకోకండి, ఇవాళ కులాసాగానే ఉన్నాను" అనేవాడాయన. అలా అడిగినందుకు అందరికీ లోపల సిగ్గుగానే ఉండేది. ఆ సిగ్గుకొద్దీ కోళ్లు కోసి పంపేవాళ్లు, మగవాళ్లకే దక్కే కందనకాయ తప్పకుండా ఆయన పళ్లెంలో పెట్టించేవాళ్లు. ఆ తిండికి మాస్టారు కాస్త ఒళ్లు చేశాడు కూడా. ఊరు పైకి సంతోషించింది.

మా వైపు ఎండలు మండే జనవరిలో ఒక మధ్యాహ్నం, టీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే పోయాడు. రోజలియా ఆ రోజు నిజంగా ఏడ్చింది. ఒద్వోరి మాస్టారు చదువు చెప్పి ఉండకపోతే తనకి ఆ గొంతుతో ఏం చెయ్యాలో తెలిసేది కాదు. తరగతిలో మొట్టమొదట నిలబెట్టి గట్టిగా చదవమన్నది ఆయనే.

శనివారం నాడు మాస్టారి ఇంటి వాకిలి పట్టలేదు. టెంట్లు, కుర్చీలు, పెద్ద స్పీకర్లు, వెనకాల డేగిసాల్లో మాంసమూ చిక్కుడు గింజలూ. పెరట్లో గొయ్యి తవ్వి సిద్ధంగా ఉంచారు. ఎలియాకిమ్ కూడా వచ్చాడు, తెల్లచొక్కా పై గుండీ పెట్టుకుని. జనంలోంచి దారి చేసుకుంటూ రోజలియా దగ్గరికి చేరాడు.

"అమ్మా, మీకు దణ్ణం పెడతా. గౌరవనీయుల్ని వంతెన సంగతి అడక్కండి. అడిగితే ఇది సమావేశమైపోతుంది. పోలిక ఊళ్లో సమావేశం జరిగితే ఇన్నాళ్ల కష్టం నీళ్లపాలు."

"ఎలియాకిమూ, అటు చూడు. అదేంటి?"

"శవపేటిక."

"సమావేశానికి ఎవరైనా శవపేటిక తెస్తారా నాయనా?"

"తేరు."

"మరింకేం. అలాగే రాసుకో."

ఎలియాకిమ్ నిజాయితీ గల కుర్రాడు. టాబ్లెట్ తీసి చూసుకున్నాడు. ‘సమావేశం జరిగిందా’ అని ఉంది గానీ ‘చావు జరిగిందా’ అని ఎక్కడా లేదు. కాసేపు తటపటాయించి, లేదు అని నొక్కి, వెళ్లి భోజనాల దగ్గర కూర్చున్నాడు.

చావులకి నాయకులు వచ్చే పద్ధతి మావైపు అందరికీ తెలిసిందే. సగంలో వస్తారు. మాట్లాడుతున్న మేనల్లుడు నోరు మూసుకోవాలి, మైకు వాళ్లకివ్వాలి. చనిపోయినవాడి గురించి రెండు ముక్కలు, ఎదుటి పార్టీ గురించి ఇరవై ముక్కలు చెప్పి, ఇంటివాళ్ల చేతిలో ఒక కవరు పెట్టి, మట్టి వెయ్యకముందే కారెక్కుతారు. ఒగుతూ కూడా ఎండిపోయిన వాగులోంచి కారు నడిపించుకుని అలాగే వచ్చాడు. మైకు కోసం అలాగే చెయ్యి చాచాడు.

రోజలియా ఇవ్వలేదు.

"గౌరవనీయులు వచ్చారు" అంది మైకులో. "ఆయనా మాస్టారి శిష్యుడే. మాస్టారు పోయేముందు శిష్యుణ్ణి ఒక ప్రశ్న అడగమని నాకప్పజెప్పారు. వాగు మీద వంతెన ఎప్పుడు?"

ఒగుతూ నవ్వాడు. "అమ్మా, ఇది సందర్భం కాదు. పైగా మీది పోలిక..."

"మాస్టారి క్లాసులో జవాబు రానివాణ్ణి ఏం చేసేవారు?" అని జనాన్ని అడిగింది రోజలియా.

"నిలబెట్టేవారు!" అన్నారు నెరిసిన తలల శిష్యులంతా, ఒక్క గొంతుతో.

"ఎప్పటిదాకా?"

"జవాబొచ్చేదాకా!"

ఒగుతూ వెనక్కి తిరిగి చూశాడు. రోజలియా కొడుకు వండెరా మోటారుసైకిల్ మీద మనుషుల్ని చేరవేసి బతుకుతాడు. అతనూ, అతని తోటివాళ్లూ వాళ్ల బళ్లన్నీ తెచ్చి కారు వెనకాల వరసగా నిలిపి, తాళాలు జేబులో వేసుకుని, ప్రార్థన చేసుకుంటున్నట్టు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒగుతూకి ఎండ తగులుతోంది. ఒక కుర్చీ ఆయన కోసమే ఖాళీగా ఉంది. ఎవరూ కూర్చోమనలేదు.

"వానలకి ముందు వేయిస్తాను" అన్నాడు చివరికి. "మాటిస్తున్నాను."

"మాకొద్దు బాబూ. మీరు మాకిచ్చిన మాటలు దాచుకోవడానికే చోటు లేదు. ఆయనకివ్వండి."

పెట్టె మూతకి లోపలి మొహం కనబడేలా అద్దం ఉంటుంది. ఒగుతూ వంగి అద్దంలోకి చూడాల్సి వచ్చింది. చచ్చినవాడి మొహం చూస్తూ చెప్పిన మాట తప్పినవాళ్ల గతి ఏమైందో చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాడే ఆయనా. చిన్న కుర్రాడి గొంతుతో "వేయిస్తాను మాస్టారూ" అన్నాడు. అప్పుడు రోజలియా మైకు ఇచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని ఏం మాట్లాడాలో తోచక, పాట ఎత్తుకున్నాడు. ఆ పూట మట్టి వేసేదాకా ఉన్నాడు.

వంతెన పడింది. సిమెంటు గొట్టాలు, పైన పలక, ఇరువైపులా గట్టి కమ్మీలు. పక్కన ఎర్ర రంగుతో వంతెన పొడుగునా ‘సిలాస్ ఒగుతూ’ అని రాయించుకున్నాడు. మొదటి వానకి ఒగుతూ కొట్టుకుపోయాడు, సిలాస్ మిగిలాడు. వంతెన మాత్రం కదల్లేదు. ఏప్రిల్లో, వాగు నిండుగా పారుతుంటే, వండెరా పెళ్లాన్ని బండిమీద కూర్చోబెట్టుకుని అవతలికి దాటించాడు. మగపిల్లవాడు. పేరు గురించి ఇంట్లో ఎవరూ వాదించుకోలేదు. ఒద్వోరి.

గడువు పూర్తయ్యాక దొరసాని వచ్చింది, ఫలితం చెప్పడానికి. ఆమె కారు కొత్త వంతెన మీదుగానే వచ్చింది. బడి ఆవరణలో నకోలి వాళ్లని కూడా పిలిచారు. తెల్లగుడ్డ మీద రెండు గీతలు చూపించారు. సమావేశాలు జరిగిన ఊళ్లది ఒకటి, పోలిక ఊళ్లది ఒకటి. రెండూ ఒకే ఎత్తు.

"చాలా విలువైన ఫలితం" అని ఎలియాకిమ్ చేత చెప్పించింది దొరసాని. "నాయకుణ్ణి జనం నిలదీయడం వల్ల ప్రభావం ఏమీ లేదని తేలింది. నిలదీసిన చోటా పనులు జరిగాయి, నిలదీయని చోటా జరిగాయి. కాబట్టి డబ్బిచ్చేవాళ్లు ఇక సమావేశాలు ఆపేస్తున్నారు. మీకందరికీ ధన్యవాదాలు."

నకోలి ముసలావిడ లేచింది. "మా ఊళ్లో మంచినీళ్ల గొట్టాల కోసం కాలవ సగం తవ్వారు. గడువైపోయిందని రెణ్ణెల్లుగా ఒగుతూ రావడం మానేశాడు. మిగతా సగం?"

ఆ సంగతి గీతలో లేదు.

రోజలియా మనవణ్ణి వీపున కట్టుకుని లేచి నిలబడింది. "మా వంతెన ఎలా వచ్చిందనుకుంటున్నారు?"

"సమావేశం లేకుండానే వచ్చింది కదా" అన్నాడు ఎలియాకిమ్, బూట్లవంక చూసుకుంటూ.

అప్పుడామె చెప్పింది. మైకు లేకుండానే చెప్పింది, ఉన్నట్టే వినిపించింది. మాస్టారు, బెత్తం, పెట్టె అద్దం, కారు వెనక మోటారుసైకిళ్లు, ఏదీ వదల్లేదు. ఎలియాకిమ్ అనువదిస్తూ చెమటలు కక్కాడు. దొరసాని కళ్లు పెద్దవయ్యాయి, తర్వాత మెరిశాయి. కలం తీసింది.

"చావులు! ఇది ఎవరూ కొలవలేదు" అంది. "కొత్త పరిశోధన చెయ్యాలి. సగం ఊళ్లలో చావులకి నాయకుల్ని పిలుద్దాం, సగం ఊళ్లలో పిలవొద్దు. రోజలియా గారూ, చీటీ మీరే తియ్యాలి. మీరు చాలా ముఖ్యులు."

రోజలియా తల ఊపలేదు. అందరి చూపులూ ఎందుకో నకోలి ముసలావిడ మీదికి మళ్లాయి.

"నావంక చూడకండి" అందావిడ. "నేను నిక్షేపంలా ఉన్నాను."

నవ్వులు సర్దుకున్నాక రోజలియా అడిగింది. "అమ్మా, ఒక్క ప్రశ్న. మీకిష్టమైతేనే చెప్పండి. మా మాస్టారు పోబట్టే కదా వంతెన వచ్చింది? అవునో కాదో, ఒక్క ముక్క."

ఎలియాకిమ్ ఈసారి అనువదించడానికి చాలాసేపు తీసుకున్నాడు. దొరసాని ఆలోచించింది. ఆమెది మంచి మనసు, అబద్ధం చెప్పే రకం కాదు.

"ఒక్క చావుని బట్టి చెప్పలేం" అంది. "ఇంకొన్ని కావాలి."

రోజలియా సంచిలో చెయ్యి పెట్టి, వెనకటి సర్వేలో వచ్చిన బట్టల సబ్బు, కాగితమైనా విప్పనిది, బయటికి తీసింది. దొరసాని అరచేతిలో పెట్టి, వేళ్లు ముడిచింది.

"మీ సమయం తీసుకున్నాం" అంది.